పానా పిన్ని

ఆ వీధిలో ఆవిడ అసలు పేరు అడిగి చూడండి, ఎవరైనా తడుముకుంటారు. పానా పిన్ని ఇల్లెక్కడ అనండి, నిద్రలో లేపినా చూపిస్తారు. పానా అంటే తెలుసుగా, నట్లూ బోల్టులూ బిగించే ఇనప పనిముట్టు. ముద్దుకి పెట్టిన పేరేం కాదది, వెక్కిరించడానికి పెట్టిందే. పెట్టింది కూడా పరాయివాళ్లు కాదు, సాక్షాత్తూ ఆవిడ బావగారు, అంటే మొగుడి అన్నగారు. ఆ పేరుని ఆవిడ దర్జాగా ఎలా సొంతం చేసుకుందో చెప్పాలంటే కారు సంగతి చెప్పాలి. కారు సంగతి చెప్పాలంటే బావగారి సంగతి ఎత్తక తప్పదు, ఎంత ఇష్టం లేకపోయినా.

పిన్ని కళ్లద్దాల షాపులో పనిచేస్తుంది. కళ్లు పరీక్ష చేసే పని కాదు, అది లోపల చీకటి గదిలో డాక్టరు చూసుకుంటాడు. అద్దాల్ని ఫ్రేములో కూర్చోబెట్టడం, ముక్కు మీదనుంచి జారేవాటిని జారకుండా వంచడం, ఊడిన కాడలు బిగించడం పిన్ని పని. కౌంటరు వెనక ఎత్తు స్టూలు, మెడ వంచిన దీపం, పళ్లేల నిండా ఫ్రేములు, సీసా మూతలో ఆవగింజల్లాంటి స్క్రూలు. పెళ్లయిన కొత్తలో చేరింది. జుట్టు నెరిసినా ఆ స్టూలు దిగలేదు. ఎవరో వచ్చి, అద్దాలు పెట్టుకుని, బయట బోర్డు మీది అక్షరాలు చదివి "అబ్బ!" అంటారు చూడండి, ఆ అబ్బ కోసం తను ఎన్నాళ్లైనా అక్కడ కూర్చోగలనంటుంది.

ఇల్లు రెండంతస్తులది. కింద బావగారూ, ఆయన భార్యా ఉంటారు. ఆ తోటికోడల్ని పిన్ని అక్కయ్య అంటుంది. ముందుగదిలో అత్తగారి మంచం. ఆవిడకి చెవుడు, కానీ తనకి కావలసిన మాట మాత్రం గోడ అవతలనుంచైనా వినిపిస్తుంది. పైన పిన్నీ, బాబాయీ. బాబాయికి వీధి చివర ప్రెస్సులో ప్రూఫులు దిద్దే పని. నోట్లో నాలుక లేని మనిషి. అన్నగారు ఎదురొస్తే ఇప్పటికీ చేతిలో ఉన్నది వీపు వెనక దాచుకుంటాడు, అది పేపరైనా సరే.

ఇక కారు. మామగారు కొన్నది. బూడిదరంగు, నాలుగు తలుపులు, అందులో ఒకటి లోపల్నుంచి తంతేగాని రాదు. మామగారు పోయాక తాళం బావగారి చొక్కా జేబులోకి వెళ్లింది. తాళంతోపాటు మామగారి పద్ధతులు కూడా బావగారికే దక్కాయి. వాటన్నిటిలోకీ ముఖ్యమైంది బ్యాటరీకి నిద్ర. ఎప్పుడో ఒకసారి కారు లోపలి లైటు ఆర్పడం మర్చిపోతే తెల్లారేసరికి బ్యాటరీ దిగిపోయిందట. ఆ రోజునుంచి మామగారు ప్రతి సాయంత్రం బానెట్ ఎత్తి, బ్యాటరీకున్న నల్ల తీగ పీకేసేవారు. పొద్దున్నే మళ్లీ తగిలించేవారు. "పగలంతా కష్టపడింది, దానికీ నిద్ర కావాలి" అనేవారు. ఆ ఇంట్లో పళ్లు తోముకోవడం ఎంతో తీగ పీకడం అంత. పీకీ పీకీ తీగ చివర బ్యాటరీ కొమ్ముని కరుచుకునే పట్టు వదులైపోతే, మామగారే ఓ డబ్బా రేకు ముక్క కత్తిరించి ఆ సందులో దూర్చారు. తర్వాత్తర్వాత రేకు ముక్క కూడా పద్ధతిలో కలిసిపోయింది. తీగ తగిలించాలి, రేకు దూర్చాలి, రెండు దెబ్బలు వెయ్యాలి. బ్యాటరీలు మాత్రం ఒకదాని వెనక ఒకటి చచ్చేవి. "ఈ కాలం సరుకే అంత" అని బావగారు కొత్తది వేయించేవారు.

పిన్ని డ్రైవింగు నేర్చుకుంది. మధ్యాహ్నం భోజనాల వేళ షాపు పక్కనే ఉన్న డ్రైవింగు స్కూలుకి పోయి నేర్చుకుంది. ఎందుకు? నడపాలనిపించింది, నేర్చుకుంది. మగాడు నేర్చుకుంటే ఎవరైనా ఎందుకని అడిగారా? లైసెన్సు రాగానే పట్టుకొచ్చి బావగారికి చూపించింది. ఆయన దాన్ని అటు తిప్పారు, ఇటు తిప్పారు. "ఫోటో బాగా పడిందమ్మా" అని తిరిగిచ్చేశారు. అంతే! తాళం మాట ఎత్తలేదు. పిన్ని మెట్లెక్కి పైకి వెళ్లి, లైసెన్సుని బీరువాలో చీరల మధ్య పెట్టేసింది.

ఆ తర్వాత బావగారి కళ్లకి శుక్లాలు వచ్చాయి. ఆపరేషన్ అంటే ఆయనకి భయం, ఆ మాట ఒప్పుకోవడమంటే ఇంకా భయం. ఓరోజు కారుని తీసుకెళ్లి ఎదురింటివాళ్ల మెట్లకి గుద్దారు. మెట్లు ముందుకి కట్టారని పోట్లాడారు కూడా. అప్పట్నించీ కారు ముసుగు తన్ని పడుకుంది. బ్యాటరీ కొండెక్కింది. టైర్లలో గాలి దిగిపోయింది. నడిపే మనిషి పైఅంతస్తులోనే ఉంది. అయినా తాళం జేబులోంచి రాలేదు.

ఇంతలో షాపు ఓనరు ఓ కబురు చెప్పాడు. షాపుని ఊరి బయట కొత్త రోడ్డు మీదికి మారుస్తున్నాడట. పెద్ద భవనం, పెద్ద బోర్డు, అంతా అద్దాలే. కానీ అటు బస్సు పోదు.

"సోమవారం నుంచి అక్కడే పిన్నీ. నీకు కుదరదనుకుంటే చెప్పు, ఇంకో మనిషిని చూసుకుంటాను. ఏమీ అనుకోకు."

"వస్తాను" అంది పిన్ని.

"ఎలా వస్తావు?"

"ఎలాగో వస్తాను. స్టూలు నాదే. దాని మీద ఎవర్నీ కూర్చోబెట్టకు."

ఎలా వస్తుందో ఆవిడకీ తెలియదు అప్పటికి. ఇంటికి నడుస్తూ ఆలోచించుకుంది. ఎన్ని విధాల ఆలోచించినా ముసుగు తన్నిన ఆ కారే కళ్ల ముందుకొచ్చింది. కారు దొరికితే ఉద్యోగం ఉంటుంది, లేకపోతే ఊడుతుంది. మధ్యలో ఇంకో దారి లేదు.

శుక్రవారం సాయంత్రం భోజనాల దగ్గర అడిగింది. ఆ పూట అందరూ కిందే తింటున్నారు. అడగ్గానే బావగారు నవ్వారు.

"కారా? ఆదివారం దాన్ని పాత కార్ల బేరగాడికి ఇచ్చేస్తున్నానమ్మా. పొద్దున వచ్చి తీసుకుపోతానన్నాడు."

పిన్ని చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. "నాతో ఒక్క మాటైనా చెప్పకుండానా?"

"చచ్చిన కారు గురించి నీకు చెప్పేదేముంది? అయినా ఈ వయసులో నీకు ఉద్యోగాలెందుకు? ఇంటిపట్టున హాయిగా ఉండు. తమ్ముడేమీ నిన్ను పస్తులు పెట్టట్లేదు కదా?"

బాబాయి కంచంలోకి చూస్తున్నాడు. కంచంలో ఏదో అచ్చుతప్పు కనిపించినట్టు అదే పనిగా చూస్తున్నాడు.

"చచ్చిన కారుని నేను బతికిస్తే?" అంది పిన్ని.

"నువ్వా?"

"ఆఁ, నేనే."

బావగారికి పొలమారినంత పనైంది. "బతికించమ్మా, బతికించు! కాకపోతే మెకానిక్ చెయ్యి పడకూడదు, నీ చేతులతోనే చెయ్యాలి. అది బతికి నాలుగడుగులు నడిస్తే తాళం నీదే పో. బేరగాణ్ణి నేనే పంపించేస్తాను."

ఎవరూ నమ్మని మాట గనక అందరి ముందూ ధైర్యంగా అనేశారు. అక్కయ్య ముసిముసిగా నవ్వింది. మంచం మీద అత్తగారు కళ్లు మూసుకునే ఉంది, కానీ తల ఒకసారి ఇటు తిరిగింది.

శనివారం పిన్ని షాపుకి సెలవు పెట్టింది. బాబాయి పాత ప్యాంటు ఒకటి వేసుకుని, పైన ఆయన చొక్కా తొడుక్కుని, కొంగు లేని నడుముకి ఓ తువ్వాలు బిగించి కిందికి దిగింది. అక్కయ్య చూసి "హవ్వ!" అని నోటి మీద చెయ్యేసుకుంది. హవ్వేముంది? చీర కట్టుకుని కారు కింద దూరతారా ఎవరైనా?

బానెట్ ఎత్తగానే గుప్పున దుమ్ము. బ్యాటరీ కొమ్ముల మీద తెల్లగా, పచ్చగా బూజులాంటిది పేరుకుపోయి ఉంది. పిన్నికి లోపల్లోపల భయమేసింది. కళ్లద్దాల స్క్రూలు వేరు, ఈ ఇనప ముద్దలు వేరు. షాపులో తప్పు చేస్తే ఫ్రేము విరుగుతుంది. ఇక్కడ తప్పు చేస్తే బావగారు గెలుస్తారు. ఆ రెండోది తల్చుకునేసరికి భయం పోయి ఒళ్లు మండింది. బాబాయి మామగారి పాత పెట్టెలోంచి పానా, కారుతో వచ్చిన పుస్తకం తెచ్చాడు. పక్కన నిలబడి చదవడం మొదలెట్టాడు.

"ముందు నల్ల తీగ విప్పాలిట. తర్వాత ఎర్రది. పెట్టేటప్పుడు ఎర్రది ముందు, నల్లది ఆఖర్న. ఇక్కడ 'తర్వాత'లో వత్తు పడలేదు."

"వత్తు నేను చూసుకుంటాను గానీ, మీరు ఆ పట్టీ పట్టుకోండి."

విప్పింది. బ్యాటరీని కదలకుండా పట్టి ఉంచే పట్టీ తుప్పు పట్టి ససేమిరా అంది. కాస్త నూనె పోసి, పానాకి ఒంటి బరువంతా ఆనిస్తే కిర్రుమని కదిలింది. బ్యాటరీ ఎత్తితే నడుం పట్టేసింది. ఇద్దరూ కలిసి దాన్ని బాబాయి సైకిలు క్యారియర్ మీద నిలబెట్టి తాడుతో కట్టి, అటొకరు ఇటొకరు పట్టుకుని తోసుకుంటూ బ్యాటరీల షాపుకి తీసుకెళ్లారు. దారిలో ఇస్త్రీ బండి దగ్గర నిలబడ్డవాళ్లందరూ గుడ్లప్పగించి చూశారు.

షాపువాడు పిన్నిని వదిలేసి బాబాయినే చూస్తూ, "ఏ కారుకి సార్?" అన్నాడు.

"కారు ఆవిడది" అన్నాడు బాబాయి. అన్నాక ఆ మాట తన నోట్లోంచే వచ్చిందా అని తనే బెదిరిపోయాడు.

పాతది వాళ్లకిచ్చి, కొమ్ములు అటూ ఇటూ మారకుండా సరిగ్గా అలాంటిదే కొత్తది తెచ్చుకున్నారు. పిన్ని తీగల చివర్లకి తినే సోడా కలిపిన వేడినీళ్లు పోసింది. బుసబుసమని నురగ పొంగింది. పాత టూత్‌బ్రష్‌తో రుద్ది, తుడిచి, ఆరబెట్టింది. ఇంజను ఆయిల్ చూసే పుల్ల లాగి, తువ్వాలుకి తుడిచి, మళ్లీ ముంచి చూసింది. ఆయిల్ అడుగంటింది, తెచ్చి పోసింది. రేడియేటర్లో నీళ్లు పోసింది. అద్దం తుడిచే వైపర్ల రబ్బర్లు చీలికలై ఉంటే మార్చింది. చేతిపంపుతో టైర్లకి గాలి కొట్టింది. నాలుగో టైరు దగ్గరకొచ్చేసరికి బాబాయి చేతులెత్తేశాడు. ఆవిడే కొట్టింది.

చివర్న బ్యాటరీ దింపి, పట్టీ బిగించి, ముందు ఎర్ర తీగ బిగించింది. తర్వాత నల్ల తీగ. తగిలించి, రేకు ముక్క దూర్చి, రెండు దెబ్బలు వేసింది. మరి ఆ ఇంటి పద్ధతి అదేగా! ఇంత చేసిన మనిషి ఆ రేకు ముక్క దగ్గర మాత్రం రెండో ఆలోచన చెయ్యలేదు. అది లేకుండా ఆ తీగని ఎవరూ చూసి ఎరగరు.

బావగారు తాళం తెచ్చి తనే పెట్టి తిప్పారు. కారు దగ్గింది, ఇంకోసారి దగ్గింది, మూడోసారికి అందుకుంది! బాబాయి చప్పట్లు కొట్టబోయి అన్నగారిని చూసి ఆగిపోయాడు.

"నాలుగడుగులన్నానుగా. పద, నేనూ వస్తాను" అని బావగారు పక్క సీట్లో కూర్చున్నారు.

పిన్ని వీధిలోకి తిప్పింది. ఇస్త్రీ బండి దాటింది, ప్రెస్సు దాటింది. స్కూలు ముందు వేగం తగ్గించడానికి వేసిన గట్టు ఉంది చూడండి, దాని దగ్గర కాస్త కంగారు పడింది. చక్రాలు ఎక్కి ధబ్బున దిగాయి, క్లచ్చి మీద కాలు తొందరపడింది, ఇంజను ఆగిపోయింది. మళ్లీ తాళం తిప్పింది. ఉలుకూ లేదు, పలుకూ లేదు. దగ్గలేదు సరికదా, చిన్న చప్పుడైనా లేదు. హారన్ నొక్కింది, మూగ. లైట్లు వేసింది, గుడ్డి.

వెనక బళ్లవాళ్లు మోత మొదలెట్టారు. బావగారు కారు దిగి, నడుం మీద చేతులు పెట్టుకుని, అందరికీ వినపడేలా అన్నారు. "చూశారా బాబూ! మా మరదలు పానా పట్టుకుంది. ఇవాళ్టినుంచి ఈవిడ పానా పిన్ని. ఎవరింట్లోనైనా బతికున్న బండి ఉంటే తీసుకురండి, చంపి పెడుతుంది!"

నలుగురూ నవ్వారు. నవ్వినవాళ్లే నలుగురూ చెయ్యేసి కారుని ఇంటిదాకా తోశారు. లోపల స్టీరింగు పట్టుకుని కూర్చున్న పిన్నికి చెవులు కాలిపోతున్నాయి. ఏడుపొచ్చింది, కానీ ఏడవలేదు. ఇప్పుడు ఏడిస్తే ఆయనకి పండగ. పళ్లు బిగించి ఇంటి ముందు దాకా తిన్నగా పట్టింది స్టీరింగు.

"పొద్దున్నే వస్తాడు బేరగాడు" అని బావగారు, చచ్చిన కారుకి తాళమెందుకన్నట్టు దాన్ని అందులోనే వదిలేసి లోపలికి పోయారు.

సాయంత్రం వెలుగు ఇంకా ఉంది. పిన్ని మెట్ల మీద కూర్చుని కారుకేసి చూస్తోంది. బాబాయి టీ తెచ్చి పక్కన పెట్టి, తనూ కూర్చున్నాడు.

"కొత్త బ్యాటరీ అండీ" అంది పిన్ని. "దిగిపోయేదైతే లైట్లు మెల్లిగా మసకబారాలి, హారన్ గొంతు పోవాలి. ఒక్క ధబ్బుతో అన్నీ మాయమైపోతాయా? ఇదేదో దిగిపోవడం కాదు, ఊడిపోవడం."

లేచి బానెట్ ఎత్తింది. నల్ల తీగని వేలితో అటు నొక్కింది. కారు లోపల లైటు వెలిగింది. వదిలేసింది, ఆరిపోయింది. నొక్కింది, వెలిగింది. రేకు ముక్క ఎక్కడా? వంగి చూస్తే, జారిపోయి బ్యాటరీ కిందికి పడి ఉంది.

పిన్నికి షాపు గుర్తొచ్చింది. షాపుకి రోజూ ఎవరో ఒకరు వస్తారు. కాడ వదులైందండీ, స్క్రూ మార్చండి అంటారు. ఎన్ని స్క్రూలు మార్చినా నిలవదు, ఎందుకంటే అరిగింది స్క్రూ కాదు, దాన్ని పట్టుకునే రంధ్రం. ఇక్కడా అదే! రోజూ పీకీ పెట్టీ, పీకీ పెట్టీ తీగ పట్టునే అరగదీశారు. పట్టు లేక బ్యాటరీకి తిండి సరిగ్గా అందలేదు, అందక చచ్చింది. ఒకటి కాదు, వరసపెట్టి అన్నీ. పాపం, ఏ తప్పూ లేని బ్యాటరీలన్నిటినీ ఆ ఇంట్లో తిట్టిపోశారు.

ఆగలేకపోయింది. అలాగే మసి చేతులతో ముందుగదిలోకి వెళ్లి చెప్పేసింది. "బావగారూ, కారుని చంపింది నేనూ కాదు, బ్యాటరీలూ కాదు. రోజూ తీగ పీకే మామగారి పద్ధతి చంపింది."

బావగారు ఒంటికాలి మీద లేచారు. "ఏమన్నావ్? పోయిన మనిషిని పట్టుకుని ఎంతమాటన్నావ్! మా నాన్న ఆ కారుని కన్నబిడ్డలా చూసుకున్నారు!"

"చూసుకున్నారు, కాదనను. కానీ పద్ధతి తప్పు."

"అమ్మా, విన్నావా? నీ కోడలు ఏమంటోందో విన్నావా?"

అత్తగారు మంచం మీద మెల్లిగా లేచి కూర్చుంది. అందరూ ఆవిడకేసి చూశారు. "విన్నాన్రా" అంది. "మీ నాన్న అంతే. సాయంత్రమైతే నా నోటికీ అలాగే తీగ పీకేసేవాడు. 'ఇక చాలు, పడుకో' అనేవాడు. పడుకునేదాన్ని. ఇన్నేళ్లూ పడుకునే ఉన్నాను."

అక్కయ్య చేతిలో గిన్నె చప్పుడు కాకుండా కింద పెట్టింది. పిన్నికి వెళ్లి అత్తగారి పక్కన కూర్చోవాలనిపించింది, కానీ చేతుల నిండా మసి. మంచం పట్టెకి అంటకుండా పక్కనే నిలబడింది.

ఆదివారం పొద్దున్నే బ్యాటరీల షాపు షట్టరు ఇంకా తియ్యకముందే పిన్ని వెళ్లి దడదడ బాదింది. పైన ఉండే షాపువాడు లుంగీతో దిగొచ్చాడు. "కంప్లైంటా అమ్మా?"

"నీ బ్యాటరీ బంగారం. నల్ల తీగకి కొత్త పట్టు కావాలి."

వాడు ఇచ్చి, ఎలా వెయ్యాలో చెప్పబోయాడు. "చెప్పు, వింటాను. చెయ్యి మాత్రం వెయ్యకు" అంది.

తను వచ్చి పని మొదలుపెట్టేసరికి బేరగాడు రానే వచ్చాడు. వరండాలో కుర్చీ వేయించుకుని, టీ తాగుతూ కారుని ఎగాదిగా చూస్తున్నాడు. పిన్ని అతన్ని పట్టించుకోలేదు. తీగ చివర పాత పట్టుని కోసేసింది. తీగ తొక్క ఒలిచి, రాగి పోగులు మెలిపెట్టి, కొత్త పట్టులో దూర్చి బిగించింది. షాపులో అలవాటు కొద్దీ రెండు వేళ్లతో సుతారంగా తిప్పి ఆపబోయి, తనమీద తనకే కోపమొచ్చి, పానా పెట్టి ఊపిరి బిగబట్టి తిప్పింది. పట్టుకుని ఊపింది. కదల్లేదు. డబ్బా రేకు ముక్కని తీసి చెత్తబుట్టలో పారేసింది.

తాళం తిప్పింది. మొదటిసారికే అందుకుంది.

బావగారు పక్కన కూర్చుంటారేమోనని చూసింది. ఆయన కదల్లేదు. ఒక్కతే వెళ్లింది. స్కూలు ముందు గట్టు ఎక్కింది, దిగింది. అవతల తిప్పుకుని మళ్లీ ఎక్కింది, దిగింది. ఇస్త్రీ బండి దగ్గర జనం లెక్కెడతారని తెలుసు, అందుకే ఇంకోసారి కూడా వెళ్లొచ్చింది. నడుపుతుంటే నవ్వొచ్చింది. ఒక్కతే ఉన్నా బయటికే నవ్వింది. ఇంటికొచ్చి, ఇంజను ఆపకుండా కిటికీలోంచి తల బయటపెట్టి అంది. "బావగారూ, నాలుగడుగులు అయ్యాయి."

ఇక్కడే ఉంది తమాషా. బేరగాడు టీ గ్లాసు పక్కన పెట్టి లేచాడు. "సార్, నడిచే బండైతే లెక్క వేరు. ముందు చెప్పిన రేటు మర్చిపోండి, ఇంకా పైకి వేస్తాను" అన్నాడు. బావగారి మొహం మారిపోయింది. గొంతు సవరించుకున్నారు.

"చూడమ్మా, మొన్నేదో సరదాకి అన్నాను. మంచి బేరం వచ్చినప్పుడు ఇచ్చెయ్యడమే తెలివి. తాళం ఇలా ఇవ్వు."

మాట తప్పారు! అందరి ముందూ అన్న మాటని, అందరి ముందే నీళ్లలో కలిపేశారు. ఒక్క క్షణం పిన్ని చెయ్యి తాళం మీదికి పోయింది కూడా. ఇన్నేళ్ల అలవాటు మరి, బావగారు అడిగితే ఇచ్చెయ్యడం. ఆ చెయ్యిని తనే వెనక్కి లాక్కుని స్టీరింగు మీద వేసింది. రెండో చెయ్యి కూడా వేసింది.

"అమ్ముకోండి బావగారూ" అంది. "కాకపోతే నేను దిగను. నన్ను లాగి అవతల పారేసి అమ్ముకోండి."

"ఏమిటా మొండితనం? దిగు!"

"దిగను."

"తమ్ముడూ! నీ పెళ్లానికి చెప్పుకో!"

అందరి కళ్లూ బాబాయి మీదికి వెళ్లాయి. గుమ్మంలో నిలబడ్డ బాబాయి మామూలుగా నేల చూపులు చూశాడు. తర్వాత మెట్లు దిగాడు. కారు చుట్టూ తిరిగి వచ్చాడు. అన్నగారి పక్కనుంచి, ఆయన్ని చూడకుండా, చేతులు వీపు వెనక పెట్టుకోకుండా నడిచాడు. వెనక తలుపు తీసుకుని లోపల కూర్చుని, ధడాలున వేసుకున్నాడు.

"నన్ను కూడా లాగాలన్నయ్యా" అన్నాడు. గొంతు వణికింది, అయినా మాట పూర్తిగా బయటికొచ్చింది.

"నువ్వన్నావురా పెద్దాడా, తాళం దానిదే అన్నావు. నేను విన్నాను" అంది గదిలోంచి అత్తగారు.

బేరగాడికి పరిస్థితి అర్థమైంది. "ఇంట్లో మాట్లాడుకోండి సార్, నేను తర్వాత వస్తాను" అని జారుకున్నాడు. బావగారు మూతి ముడుచుకుని లోపలికి వెళ్లి తలుపేసుకున్నారు. పిన్ని మాత్రం చాలాసేపు దిగలేదు. దిగితే ఏమవుతుందోనని కాదు. కూర్చోవడం బాగుంది, కూర్చుంది.

సోమవారం పొద్దున ఇస్త్రీ చీర కట్టుకుని, లైసెన్సు సంచిలో వేసుకుని దిగింది. బాబాయి ప్రెస్సుకి బయల్దేరబోతూ సైకిలు పట్టుకుని ఆగాడు. గేటు మూసి ఉంది. గేటు పక్కనే కుర్చీ వేసుకుని బావగారు పేపరు చదువుతున్నారు. మామూలుగా వరండాలో కూర్చునే మనిషి, ఇవాళ సరిగ్గా గేటు దగ్గర వేసుకున్నారు కుర్చీ. ఇంజను చప్పుడు విన్నా తలెత్తలేదు. దిగి, నా పక్కకొచ్చి, తలొంచుకుని గేటు నువ్వే తీసుకుని పో అన్నట్టుంది ఆ కూర్చోవడం.

దిగి తీసుకోవచ్చు. పెద్ద పనేం కాదు, ఎన్నేళ్లుగానో ఆయన కారు బయటికొచ్చినప్పుడల్లా ఆ గేటు తీసింది పిన్నే. బాబాయి సైకిలుకి స్టాండు వేసి గేటు వైపు రాబోయాడు.

"మీరు ఆగండి" అంది పిన్ని.

హారన్ కొట్టింది.

పేపరు కదల్లేదు. మళ్లీ కొట్టింది, ఈసారి పొడుగ్గా. ఎదురింటివాళ్లు కిటికీలోంచి చూశారు. ఇస్త్రీ బండి దగ్గర మాటలు ఆగిపోయాయి. అక్కయ్య వరండాలోకి వచ్చింది. ఇప్పుడు దిగితే ఇక రోజూ దిగాలని పిన్నికి తెలుసు. మూడోసారి నొక్కి, వేలు తియ్యలేదు.

పేపరు కిందికి దిగింది. బావగారు లేచారు. మడత పెట్టి చంకలో పెట్టుకున్నారు. గడియ తీసి ఓ రెక్క తెరిచి, మళ్లీ కుర్చీ దగ్గరికి వెళ్లబోయారు.

"రెండో రెక్క కూడా తియ్యండి బావగారూ, కారు పట్టదు" అంది పానా పిన్ని.

తీశారు.